ఆరు అంకెల ఇనప్పెట్టె

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే దోవలో తారు రోడ్డు దిగి గుట్టల నడుమకు పోతే ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో ఒక పెద్దాయన దగ్గర లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకీ ఉండేది. ఫ్యాక్షన్ రోజుల్లో ఆయన తమ్ముణ్ణి శెనక్కాయ చేనులోనే నరికేశారు. ఆ ఏడే ఆయన కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి తుపాకీ తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడే గానీ మనిషి మీదికి ఏనాడూ ఎత్తలేదు. కాయ ఊరే కాలంలో అడవిపందుల గుంపు చేలో పడితే, మంచె మీద నుంచి ఒక్క తూటా గాల్లోకి పేల్చి తరిమేవాడు. అంతకుమించి దానితో ఆయనకు పని పడలేదు.

పెద్దాయన జాగ్రత్త గల మనిషి. తుపాకీ బయటికి తీసిన రాత్రి గొట్టాలు తుడిచి నూనె రాయనిదే పడుకునేవాడు కాదు. తూటాలు వేరే రేకు డబ్బాలో పెట్టేవాడు. గడువుకు నెల ముందే లైసెన్సు రెన్యువల్‌కు పోయేవాడు.

ఆయనకు ఇద్దరు కొడుకులు. భూమి పంచుకున్న నాడు బాగానే ఉన్నారు. బోరు మాత్రం ఉమ్మడిగా మిగిలింది. నీళ్లు తగ్గేకొద్దీ వంతుల దగ్గర మాటా మాటా పెరిగింది. ఒక ఎండాకాలం పెద్దవాడు మోటారు స్టార్టరుకు తాళం వేశాడు. చిన్నవాడు దాన్ని పగలగొట్టాడు. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అది చూసి పెద్దాయనకు భయం పట్టుకుంది. కోపం మీదున్న ఇద్దరు కొడుకులు, అటకమీద కొయ్యపెట్టెలో తుపాకీ. బెంగళూరు నుంచి అంకెల తాళం ఉన్న ఇనప్పెట్టె తెప్పించి, గోడకూ బండకూ బోల్టులు వేయించాడు. తుపాకీతో పాటు భూమి పాసుపుస్తకాలు, భార్య కాసుల దండ అందులోనే పెట్టాడు. తాళానికి ఆరు అంకెలు. మొదటి మూడూ పెద్దకొడుకును కళ్లం దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. చివరి మూడూ చిన్నకొడుకుకు బోరు కాడ చెప్పాడు.

"మీరిద్దరూ ఒకచోట నిలబడితేనే అది తెరుచుకోవల్ల. నీ అంకెలు వానికి చెప్పొద్దు, వానివి నువ్వు అడగొద్దు" అని ఇద్దరి దగ్గరా ఒకే మాట తీసుకున్నాడు.

సంక్రాంతి దాటినాక పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. మాట కూడా పడిపోయింది. కొన్నాళ్లకే ఎన్నికల ప్రకటన వచ్చింది. ఊరికి వచ్చిన కానిస్టేబులు, లైసెన్సు తుపాకీ వారంలోగా స్టేషనులో అప్పజెప్పాలని చెప్పిపోయాడు.

తల్లి ఇద్దరికీ కబురు పంపింది. చాలా కాలానికి చిన్నవాడు ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. పెద్దవాడు ఎడమచేత్తో కీప్యాడును కప్పి తన మూడు అంకెలు నొక్కాడు. చిన్నవాడూ అట్లే కప్పుకొని తన మూడూ నొక్కాడు. కుయ్‌మని శబ్దం వచ్చింది. పచ్చదీపం వెలిగింది. పిడి తిప్పితే తిరగలేదు. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే శబ్దం, అదే పచ్చదీపం, పిడి మాత్రం కదల్లేదు.

"సరిగ్గా నొక్కినావా?" అన్నాడు పెద్దవాడు.

"నాయిన నాకు చెప్పిందే నొక్కినా. నీ సంగతి చూసుకోన్నా."

"నాది తప్పయితే పచ్చదీపం యాల వెలుగుతుంది?"

"నాది తప్పయినా వెలగదు గదా!"

ఆ మాట దగ్గర ఇద్దరూ ఒక్క క్షణం ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆగలేదు. అమ్మ దండ మీద కన్నేసి తప్పంకె కొడుతున్నాడని ఒకడు, పాసుపుస్తకాలు దాచాలని చూస్తున్నాడని ఇంకొకడు. మంచంలో ఉన్న తండ్రి ఎడమచెయ్యి ఎత్తి ఏదో చూపబోయాడు. ఎవరూ అటు చూడలేదు.

మూడోనాడు రాత్రి పెద్దవాడు సమ్మెట తెచ్చాడు. నాలుగు దెబ్బలు వేశాడు. తలుపు సొట్టపోయింది గానీ తెరుచుకోలేదు. నాలుగో దెబ్బకు లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. సమ్మెట మోతలో అది ఎవరి చెవినా పడలేదు.

ఐదో దెబ్బకు ఎత్తిన చేతిని పెద్దకోడలు పట్టుకుంది. "లైసెన్సు ఉండేది మామకు. నీకుందా? మీ తమ్మునికుందా? పగలగొట్టి తుపాకీ చేతికి తీసుకుంటే రేపు కేసు ఎవరి మీద పడుతుంది? దాంట్లో తూటా ఉందో లేదో తెలుసా నీకు?" మొగుడు బదులు చెప్పలేకపోయాడు. తెల్లారి ఆమే అత్తను వెంటబెట్టుకొని స్టేషనుకు పోయింది. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చింది. తాళాలు తెలిసిన మనిషిని పిలిపించుకోండి, పెట్టె తెరిచేటప్పుడు మావాడు దగ్గరుంటాడని ఎస్సై చెప్పాడు.

అనంతపురం పాతూరు నుంచి ముసలి సాయిబు ఒకాయన వచ్చాడు. సంచి దించి, పెట్టెను ముట్టకముందే అడిగాడు: "లోపల ఏమేముండాయప్పా? తుపాకీ ఏ పక్కన నిలబెట్టినారు? తూటాలు దాంట్లోనే ఉండాయా, వేరేగా ఉండాయా?"

కొడుకులు ముఖాలు చూసుకున్నారు. సాయిబు మంచం దగ్గరికి పోయి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, అవునంటే ఒకసారి కండ్లు మూయి, కాదంటే రెండుసార్లు. తుపాకీలో తూటా ఉందా?" రెండుసార్లు మూశాడు. "తూటాలు వేరే డబ్బాలో ఉండాయా?" ఒకసారి. "డబ్బా కింది అరలోనా?" ఒకసారి. గొట్టాలు ఎడమవైపు మూలకు ఉన్నాయని కూడా అట్లే తెలుసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో పెద్దాయనను ఎవరూ ఏమీ అడగలేదు.

సాయిబు కీప్యాడు మూత జరిపి బ్యాటరీ తీశాడు. మీటరు పెట్టి చూశాడు. తొమ్మిది వోల్టులు ఉండాల్సింది ఏడు కూడా లేదు. జేబులో నుంచి కొత్తది తీసి పెట్టి, అన్నదమ్ములను రమ్మన్నాడు. పెద్దవాడు మూడు నొక్కాడు, చిన్నవాడు మూడు నొక్కాడు. లోపల గిర్రుమని చిన్న మోటారు తిరిగిన శబ్దం అందరికీ వినిపించింది. పిడి మాత్రం తిరగలేదు.

సొట్టపోయిన చోట సాయిబు వేలితో రాశాడు. "సమ్మెట వేసినారు గదా? దెబ్బ తగిలితే అడ్డంగా పడే చీల ఒకటి ఉంటుంది లోపల. అది పడింది. మొదటి తప్పు బ్యాటరీది, రెండోది సమ్మెటది. మీరిద్దురూ నొక్కిన అంకెలు సరైనవే."

గ్రైండరు వద్దన్నాడు, గ్యాసు కటింగు అసలే వద్దన్నాడు. కొలిచి గీత గీసుకొని, తూటాల డబ్బాకు దూరంగా, డ్రిల్లుతో సన్నని కన్నం వేశాడు. ఆగి ఆగి, బిట్టు చల్లారనిచ్చి, మళ్లీ వేశాడు. పొద్దు వాలేసరికి కన్నంలోకి కమ్మీ పెట్టి చీలను వెనక్కి నెట్టాడు. పిడి తిరిగింది.

తుపాకీ గుడ్డ చుట్టి ఎడమ మూలకు ఉంది. రేకు డబ్బా కింది అరలో ఉంది. దండ, పాసుపుస్తకాలు, లైసెన్సు పుస్తకం దేనికవి సర్ది ఉన్నాయి. తలుపు లోపలి కొక్కేనికి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో కొత్త బ్యాటరీ ఒకటి, చిన్న తాళంచెవి ఒకటి. కీప్యాడు పక్కనున్న గుండ్రటి బిళ్ల తిప్పితే దాని వెనక రంధ్రం ఉంటుంది. అంకెలు పనిచేయని నాడు ఆ తాళంచెవి పెట్టి తిప్పితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. పెద్దాయన దాన్ని ఎవరి చేతికీ చిక్కకుండా, అన్నిటికన్నా భద్రమైన చోటు అనుకొని ఆ పెట్టెలోనే పెట్టాడు.

కానిస్టేబులు తుపాకీ నంబరు రాసుకొని, రసీదు ఇచ్చి తీసుకుపోయాడు. అన్నదమ్ములు ఆ సాయంత్రం మాట్లాడుకున్నారని కథ చెప్పేవాళ్లు చెప్పరు. పెట్టె పక్కన చాలాసేపు నిలబడ్డారని మాత్రం చెబుతారు.

నీతి

ఆయుధాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినవాడు చేయాల్సిన పనిలో సగమే చేసినట్టు. తాను మంచాన పడిన నాడు అది గొడవ లేకుండా, చట్టం ఒప్పుకునే దారిలో బయటికి వచ్చే ఏర్పాటు కూడా ముందే చేసి, ఇంటివాళ్లందరి ఎదుట చెప్పి ఉంచాలి. రహస్యాన్ని చెరిసగం చెవిలో ఊదితే, పెట్టె మొరాయించిన నాడు ప్రతివాడూ ఎదుటివాడి సగాన్నే అనుమానిస్తాడు. పెద్దాయన ఇద్దరినీ కూర్చోబెట్టి, తల్లి సాక్షిగా, ఒక్కసారి వాళ్లచేతనే తెరిపించి చూపి ఉంటే, ఆ పచ్చదీపం ముందు నిలబడిన నాడు వాళ్ల అనుమానం పెట్టె మీదికే పోయేది.

పెద్దాయనను నిందించడానికి నాకు మనసు రాదు. ఈ నేల మీద తుపాకీ ఉన్న ఇంటి భయం వేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమ ఇది. రెండు రుతుపవనాలూ ఇక్కడికి చేరేసరికి అలిసిపోతాయి. నీళ్ల వంతు దగ్గర మొదలైన తగాదా తరాలు నడిచిన ఊళ్లు ఉన్నాయి. 1800లో నిజాం ఈ దత్త మండలాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చినప్పుడు, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు చేపట్టిన పనుల్లో ఒకటి, దాదాపు 80 మంది పాలెగాళ్ల చేత ఆయుధాలు దింపించడం. ఇవాళ్టికీ 1959 నాటి ఆయుధాల చట్టంలో, పంట కాపలాకు నోటి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు విడిగా ఉంది. లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. దానికి వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. 2019 సవరణతో ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువు పెరగడం మంచిదే. కానీ రెన్యువల్‌కు తుపాకీ తీసే పని ఐదేళ్లకోసారే పడితే, తాళం పాడైన సంగతి అవసరం వచ్చిన నాడే బయటపడుతుంది.

పెట్టె ఎందుకు మొరాయిస్తుందో కూడా తెలుసుకోవాలి. అది తెలియకపోవడం వల్లనే కథలో సమ్మెట లేచింది. అంకెల తాళంలో కీప్యాడు కుయ్‌మనడానికి, దీపం వెలగడానికి కొద్దిపాటి కరెంటు చాలు. గడియను విడిపించే చిన్న మోటారుకో, కాయిలుకో చాలా ఎక్కువ కావాలి. అందుకే బ్యాటరీ నీరసించినప్పుడు దీపం వెలుగుతుంది, తలుపు రాదు. ముందు చేయాల్సింది మంచి రకం కొత్త బ్యాటరీ వేయడం. తప్పంకెలు కొన్నిసార్లు నొక్కితే చాలా తాళాలు కొన్ని నిమిషాలు మొండికేస్తాయి. ఆ గడువులో కీప్యాడు ముట్టకుండా ఆగాలి. తుపాకీ గొట్టమో, కుక్కిన సామానో లోపల నుంచి తలుపును నెడుతుంటే గడియ బిగుసుకుంటుంది. అప్పుడు తలుపును లోపలికి గట్టిగా అదిమి, పిడిని మూసే వైపుకు తిప్పి పట్టుకొని అంకెలు నొక్కితే తరచూ వస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే పెట్టె కొన్న చోటికో, తాళాలు తెలిసిన మనిషికో చెప్పడమే దారి. లోపల మందుగుండు ఉన్న పెట్టెకు నిప్పు, నిప్పురవ్వ తగలనివ్వకూడదు.

దెబ్బ కొట్టగానే బిగుసుకోవడం ఆ పెట్టె లోపం కాదు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకా కేంద్రంలో 1817లో దొంగతనం జరిగాక అక్కడి ప్రభుత్వం పగలని తాళం కావాలని పోటీ పెట్టింది. 1818లో జెరెమయా చబ్ అనే ఆయన ఒక తాళానికి పేటెంటు తీసుకున్నాడు. వేరే తాళంచెవితో కెలికితే అది బిగుసుకుపోయి, ఎవరో ప్రయత్నించారని సొంతదారుకు తెలిపేది. మన ఇళ్లలోని పెట్టెల్లో పడే చీల వెనక ఉన్నదీ అలాంటి ఆలోచనే. బలవంతం చేసే చేయి దొంగదా, ఇంటివాడిదా అని ఇనుముకు తెలియదు.

మూసిన తలుపు వెనక ఏముందో తెలియని రోజులు మనుషుల్ని ఎట్లా నలిపేస్తాయో అప్పటి అనంతపురం జిల్లా ఒకసారి కళ్లారా చూసింది. 2011 ఏప్రిల్ 24న పుట్టపర్తి సత్యసాయిబాబా కన్నుమూశాక, ఆయన ఉన్న యజుర్ మందిరం జూన్ దాకా మూసే ఉంది. ఆ నడుమ పుట్టిన పుకార్లకు లెక్కలేదు. చివరికి సాక్షుల ఎదుట తెరిచి 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11.56 కోట్ల నగదు అని లెక్క బయటపెట్టారు. పెద్ద వ్యవస్థలకూ ఈ బాధ తప్పలేదు. పూరీ జగన్నాథుని రత్నభాండారం లోపలి గది తాళంచెవులు కనబడటం లేదని 2018లో తేలింది. 1978 తర్వాత లెక్క జరగని ఆ గదిని 2024 జూలై 14న తెరవబోతే, ఉన్న మారు తాళంచెవులు పట్టలేదు. తాళాలు కోయాల్సి వచ్చింది. దేవుడి సొమ్ముకే తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే, పల్లెలో ఒక ముసలాయన చేసిన పొరపాటును ఎట్లా తప్పుపడతాం?

తుపాకీ విషయంలో ఆలస్యానికి వెల ఎక్కువ. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు రాగానే, మే 13 పోలింగు కోసం లైసెన్సు ఆయుధాలను స్టేషన్లలో జమ చేయించారు. అయినా పోలింగు నాడూ మర్నాడూ తాడిపత్రి రాళ్ల దాడులతో అట్టుడికింది. ఆ గుంపుల నడుమ ఇళ్లలో తుపాకులు కూడా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. లైసెన్సుదారు చనిపోతే ఇంట్లో ఉన్న తుపాకీని ఆలస్యం చేయకుండా స్టేషనులోనో, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరో జమ చేయాలి. "నాయిన గుర్తుగా ఉంచుకున్నాం" అంటే చట్టం ఒప్పుకోదు. పెట్టె తెరుచుకోకపోతే, ఆ మాటే రాసి స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. పెద్దకోడలు చేసింది అదే, ఆ ఇంట్లో అందరికన్నా ముందు దారి కనుక్కున్నదీ ఆమే.

పెద్దాయనలాంటివాళ్ల కోసం 2016 ఆయుధ నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. అది పల్లెల దాకా చేరినట్టు లేదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం దగ్గరుంచుకొని 25 ఏళ్లయినా, తాను బతికుండగానే వారసుల్లో ఒకరికి లైసెన్సు ఇమ్మని కోరవచ్చు. పోలీసు విచారణ జరుగుతుంది, వద్దనే అధికారం అధికారులకు ఉంటుంది. ఆ దరఖాస్తు పెట్టాలంటే ముందు ఇంట్లో కూర్చొని ఎవరి పేరు రాయాలో తేల్చుకోవాలి. ఎవరికీ వద్దనుకుంటే తుపాకీని డీలరుకు అమ్మేసి లైసెన్సు అప్పజెప్పే దారీ ఉంది. ఏది చేసినా మారు తాళంచెవి మాత్రం పెట్టె బయట, ఇంటి ఇల్లాలికి తెలిసిన చోట ఉండాలి.